నన్ను వదినా అనే నా కూతురు

నా కూతురు బురుల్ ఏడుపు అందుకుందంటే కింది అంతస్తులో ఉండే జోయా పిన్ని తన వంటింట్లో ఇల్లు వెచ్చబెట్టే రేడియేటర్ గొట్టాన్ని గరిటెతో మోగిస్తుంది. ఆ గొట్టం పైకి మా ఇంట్లోంచే పోతుంది కదా, ఆ మోత సరాసరి నా నడినెత్తిన పడుతుంది. పిల్ల మాత్రం జంకదు. గరిటె మోగేకొద్దీ దాని గొంతు ఇంకాస్త లేస్తుంది. ఆ రెంటి మధ్యా కుట్టుమిషన్ ముందు నేను కూర్చుని ఉంటాను, సూదిలోకి దారం ఎక్కించలేక.

ఆ రోజు పేచీ రొట్టె దగ్గర మొదలైంది. పొద్దున్నే టీ పోసి, రొట్టె తుంచి దాని ముందు పెట్టాను.

"తుంచావేం?" అంది.

"తినడానికే తుంచాను తల్లీ."

"నాకు తుంచని రొట్టె కావాలి."

తుంచని రొట్టె ఇంకోటి తెచ్చి పెట్టాను. అది వద్దట. ఈ తుంచిన రొట్టే కావాలట, కానీ తుంచకుండా ఉండాలట. "అతికించు," అంది. రొట్టెని ఎలా అతికిస్తామే అన్నాను, నవ్వుమొహం పెట్టుకునే. అంతే. కుర్చీలోంచి జారి కింద పడింది. మడమలతో నేలని బాదింది. గుక్క పట్టింది. మొహం ఎర్రబడి, నీలంగా తిరిగి, నా పైప్రాణాలు పైనే పోయాక అప్పుడు ఊపిరి తీసుకుని కేక పెట్టింది. ఇల్లు పీకి పందిరేసింది. ఎత్తుకోబోతే కరిచింది. సరే నీ ఖర్మ అని పక్క గదిలోకి పోతే, వెనకాలే పాక్కుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడి ఏడ్చింది. దగ్గరికి రానివ్వదు, దూరం పోనివ్వదు.

"వదినా, నువ్వు చెడ్డదానివి! నీ సంగతి మా అమ్మతో చెప్తా!"

వదిన అంటే నేనే, దాన్ని కన్నదాన్ని. అమ్మ అంటే మా అత్తగారు.

మాలో అంతే. తొలి బిడ్డ తాతా నాయనమ్మలది. ఇస్తావా అని ఎవరూ అడగరు, ఇవ్వను అని ఎవరూ అనరు. బురుల్ పాలు మానగానే మా అత్తమ్మ, సల్కిన్ ఆవిడ పేరు, నారిన్ కొండల్లోంచి దిగొచ్చి, దాన్ని శాలువాలో చుట్టుకుని తీసుకుపోయింది. అప్పటి నుంచీ అది వాళ్ళ బిడ్డ. ఆవిణ్ణి అమ్మా అంటుంది, మామగారిని నాన్నా అనేది, నా మొగుడు ఉలాన్‌ని అన్నయ్యా అంటుంది. ఆ లెక్కన నేను వదిననే కదా! పండక్కి మేం ఊరెళితే అత్తమ్మ వెనక నక్కి, నన్ను దొంగని చూసినట్టు చూసేది. "మీకేమమ్మా, వయసులో ఉన్నారు, వరసగా కంటారు," అనేవారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. కానీ తర్వాత నా కడుపు పండలేదు. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు చెప్పేశారు.

మొన్న చలికాలంలో మామగారు పోయారు. మంచు కరుగుతుండగా అత్తమ్మ తనే కబురు చేసింది, పిల్లని తీసుకుపొమ్మని. "నీ ఒడి ఖాళీగా పెట్టి నేను దీన్ని అట్టిపెట్టుకుంటే పైవాడు మెచ్చడే," అంది. ఆవిడ చేతులు పట్టుకుని నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, షరతు మాత్రం పెట్టింది.

"చూడు మేరిమ్. పాలు మాన్పించేటప్పుడు తల్లిగొర్రెని గుట్ట అవతలికి తోలతాం. పిల్లకి దాని గొంతు వినపడకూడదు. వినపడితే ఇదీ తినదు, అదీ మేయదు. అందుకని నేను రాను, ఫోన్ కూడా చెయ్యను. కానీ మందలు పైకొండకి మేతకి ఎక్కే నాటికి కూడా పిల్ల నీ దగ్గర కుదురుకోలేదనుకో, నేనొచ్చి తీసుకుపోతా. మళ్ళీ ఇవ్వను. పసిదాన్ని మొక్కలా రెండుసార్లు పీకి నాటకూడదు."

ఇదంతా మంచు కరిగేనాటి మాట. ఇప్పుడు మే నెల. ఊళ్ళో అప్పుడే సామాను ఎక్కించడానికి లారీలు మాట్లాడుకుంటున్నారని ఉలాన్ చెప్పాడు. ఈ మనిషికి ఇలాంటివి చెప్పడం బాగా వచ్చు. తెల్లారకముందే మినీబస్సు తీసి పోతాడు, బిష్కెక్ వీధులన్నీ తిరిగి పిల్ల నిద్రపోయాక వస్తాడు. "ఇవాళ ఎలా ఉంది?" అంటాడు, వాతావరణం అడిగినట్టు.

నేను చెయ్యనిది లేదు. భయపడ్డ పిల్లల కోసం చేసినట్టే దాని తల మీద చన్నీళ్ళ గిన్నె పట్టించి, అందులో కరిగిన సీసం పోయించాను. సీసం కుక్క ఆకారంలో గడ్డకట్టింది, కుక్కని చూసి జడుసుకుందన్నారు. జడుసుకుంది కుక్కని చూసి కాదు, నన్ను చూసి అని నాకు తెలుసు. పిల్లల బడిలో వేస్తే రెండో రోజే ఆయా దాన్ని చంకనేసుకుని తెచ్చి, "ఇది ఏడిస్తే మిగతా పిల్లలంతా వంత పాడుతున్నారమ్మా, ఇంకొన్నాళ్ళాగి తీసుకురా," అని గుమ్మంలో దించి పోయింది. బొమ్మలు కొన్నాను. మిఠాయిలు పెట్టాను. ఓ రోజు విసిగి నేను కూడా దాని పక్కనే నేల మీద పడుకుని కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చాను. అది ఒక్క క్షణం ఆగి, నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ తన పని తాను చూసుకుంది. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా! మా ఇంట్లో రాణిగారు మూరెడు ఉంటుంది.

చివరికి నాకు తెలిసింది ఒకటే. అది ఏడుస్తున్నంతసేపూ మాట్లాడకుండా, ముట్టుకోకుండా, చూపు ఆనేంత దగ్గరలో కూర్చోవాలి. అంతకంటే చేసేదేం లేదు. కూర్చుని కూర్చుని నా నడుము పడిపోయింది. కుట్టాల్సిన స్కర్టులు గుట్టగా పడున్నాయి, కుట్టుపని ఇచ్చే కార్ఖానా ఆవిడ ఫోన్ చేస్తే తియ్యడం మానేశాను. రాత్రి పడుకున్నా చెవుల్లో అదే ఏడుపు.

రొట్టె పేచీ మధ్యాహ్నం దాకా సాగింది. అది అలిసి నేల మీదే నిద్రపోయాక, దాని చెంపల మీద చారలు చూస్తూ కూర్చుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మా నాన్న గొర్రెల కాపరి. గొర్రెలు ఈనే రోజుల్లో ఒక గొర్రెకి పిల్ల చనిపోయి, ఇంకో పిల్లకి తల్లి చనిపోతే, ఆయన చనిపోయిన పిల్ల తోలు ఒలిచి ఈ దిక్కులేని పిల్లకి తొడిగేవాడు. గొర్రె వచ్చి వాసన చూసేది. తన బిడ్డ వాసనే. కాసేపు అనుమానపడేది, ఆ తర్వాత పాలిచ్చేది. కొన్నాళ్ళకి తోలు తీసేసినా విడిచేది కాదు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో!

ఉలాన్ వచ్చాక చెప్పాను. "ఆదివారం ఊరికి పోతున్నావుగా. మీ అమ్మ వేసుకునే మఖమల్ కోటు, అదే, చేతుల్లేనిది, తలకి కట్టుకునే రుమాలు పట్టుకురా. ఉతకనివ్వకు."

"ఎందుకు?"

"నేను తొడుక్కోవడానికి."

అతనూ కొండల్లో పుట్టినవాడే, విషయం వెలిగింది. "ఒసేయ్, గొర్రెపిల్లకి తోలు కడతారు గానీ గొర్రెకి కడతారా?"

"నీకంత తెలిస్తే నువ్వే ఇంట్లో ఉండి దాన్ని చూసుకో. నేను బస్సు తోలతా."

ఆదివారం సాయంత్రం మూట తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. అత్తమ్మ ఎందుకని కూడా అడగలేదట. వంటి మీది కోటు అక్కడికక్కడే విప్పి, తల మీది రుమాలు తీసి, ఇంకో పాత రుమాల్లో మూటకట్టి ఇచ్చిందట.

సోమవారం పొద్దున్న, బురుల్ పడగ్గదిలో ఉండగా మూట విప్పాను. పేడపిడకల పొగ, పులిసిన పాలు, గొర్రె కొవ్వు, అత్తమ్మ వాడే సబ్బు, అన్నీ గుప్పుమన్నాయి. కోటు తొడుక్కున్నాను. రుమాలు ఆవిడ కట్టుకున్నట్టే చెవుల వెనక్కి తీసి ముడేశాను. అద్దంలో చూసుకుంటే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. పోయి దాని పక్కన కూర్చున్నాను.

బురుల్ నిద్రకళ్ళతో లేచింది. ముక్కు ఎగబీల్చింది. కోటు అంచు పట్టుకుని మొహానికి ఆనించుకుంది. కుదురుతోంది, కుదురుతోంది, కదలకు అని నన్ను నేనే అదుముకున్నాను. అది తలెత్తి నా మొహం చూసింది. గుమ్మం దగ్గర విప్పి పడున్న మూటగుడ్డని చూసింది. మళ్ళీ కోటు చూసింది. ఏడవలేదు.

మంచం దిగి, గది మూలకి పోయి, గోడ వైపు తిరిగి కూర్చుంది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

ఏడవలేదు కదా, అదే చాలనుకున్నాను. అల్లా, ఎన్నాళ్ళకి! వంటింట్లోకి పోయి టీ కాచుకున్నాను. వేడిగా ఉండగానే టీ తాగి ఎన్ని రోజులైందో. మిషన్ ముందు కూర్చుని ఒక స్కర్టు అంచు మొత్తం కుట్టేశాను. ఎవరో తలుపు కొట్టారు. జోయా పిన్ని, చేతిలో గరిటె లేకుండా.

"ఏంటమ్మాయ్, చడీచప్పుడూ లేదు? పిల్ల బతికే ఉందా?" అంది లోపలికి తొంగి చూస్తూ.

"మా మందు పనిచేసింది పిన్నీ," అన్నాను, గర్వంగానే.

"మందేం చేసిందో గానీ, లోపల ఎవరో పాడుతున్నారు."

అప్పుడు విన్నాను. సన్నగా, సాగదీస్తూ, ఊగుతూ పాడుతోంది.

"పొయ్యి ముందు కూర్చునే నా అమ్మా... మీగడంతా నాకే పెట్టిన నా అమ్మా... నన్ను వదినకిచ్చి పోయావా నా అమ్మా..."

మామగారు పోయినప్పుడు అత్తమ్మా, ఆడవాళ్ళూ ఇలాగే గోడ వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, పోయినవాణ్ణి తలుచుకుంటూ పాడారు. ఇది వాళ్ళ మధ్యనే కూర్చుంది. ఆ తర్వాత ఆయన బట్టలు మూటలు కట్టి చుట్టాలకి పంచారు. అందరూ పంచుతారు, పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. తోలుకోటు ఉలాన్‌కి వచ్చింది. ఆ మూట విప్పి అతను కోటు తొడుక్కుంటుంటే, నాన్న కోటు నీకెందుకని బురుల్ అడిగింది. నాన్న ఇక రాడే, అన్నారు. నేనూ ఉన్నాను అక్కడ. ఉండి కూడా, అత్తమ్మ బట్టలు మూటలో తెప్పించి తొడుక్కుని దీని ముందు కూర్చున్నాను. గొర్రెకున్న బుద్ధి కూడా లేకపోయింది నాకు!

కోటు విప్పి పారేసి దాని దగ్గరికి పరిగెత్తాను. "బురుల్, బురుల్ తల్లీ, అమ్మకేం కాలేదే. ఊళ్ళో ఉంది. బాగుంది."

గోడ వైపు నుంచి తిరగలేదు. "నాన్నకి కూడా అలాగే అన్నారు. ఆసుపత్రిలో ఉన్నాడు, బాగున్నాడు అన్నారు."

షరతూ లేదు, గొర్రెని దాచే గుట్టా లేదు, వీడియో ఫోన్ చేశాను. అత్తమ్మ గొంతు వినిపించగానే ఫోన్ దాని ముందు పెట్టాను. "బురుల్, నా కన్నా, ఏమైందే?" అంటూ తెర మీద ఆవిడ మొహం. పిల్ల ఆ మొహాన్ని చూసి, చేత్తో ఫోన్‌ని మెల్లగా అవతలికి నెట్టింది.

"నాన్న కూడా ఫోన్లో ఉన్నాడు. నవ్వుతాడు. రమ్మంటే రాడు," అంది.

జోయా పిన్ని గుమ్మంలోనే నిలబడి ముక్కు తుడుచుకుంది. "ఇంకా చూస్తావేంటే? తీసుకుపో దాన్ని," అంది.

తీసుకుపోతే ఏమవుతుందో నాకు తెలియదా! అత్తమ్మ షరతు పెట్టిందే దానికోసం. కుదరలేదని నా అంతట నేనే గడప దాకా తీసుకెళ్ళి ఒప్పుకున్నట్టే. కానీ పిల్ల ఇంకా పాడుతూనే ఉంది. నాకేం మిగిలితే అదే మిగిలింది, ముందు దీనికి అమ్మ బతికుందని తెలియాలి. నలుగురు ఎక్కే టాక్సీలో వెనక సీటు పట్టుకుని బయల్దేరాను.

దారి పొడుగునా అది ఏడవలేదు. కనుమ ఎక్కుతుంటే చెవులు దిబ్బెళ్ళు పడ్డా ఏడవలేదు. పక్కసీటు పెద్దాయన, "ఎంత బుద్ధిమంతురాలమ్మా మీ పిల్ల!" అన్నాడు. ఆయన నోట్లో మన్ను పడ అని మనసులో తిట్టుకున్నాను. ఒక్క కేక పెట్టవే, ఒక్కసారి నన్ను కరవవే అని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మేం దిగేసరికి పొద్దు వాలుతోంది. అత్తమ్మ పెరట్లో పైకొండకి తీసుకెళ్ళే కంబళ్ళు పరిచి కర్రతో దులుపుతోంది. తల మీద ఎవరిదో అరువు రుమాలు. బురుల్ గేటు దగ్గర ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పోయి, ఆవిడ చేతిని వేలితో పొడిచి చూసింది. చెయ్యి కదిలింది. అత్తమ్మ కర్ర పడేసి దాన్ని గుండెకి హత్తుకుంది. పిల్ల ఆవిడ మెడ పట్టుకుని, ఆ పట్టు వదలకుండానే తిని, వదలకుండానే నిద్రపోయింది.

జరిగింది చెప్పాను. అత్తమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. టీ గిన్నె నా చేతికిచ్చి, "నీ తప్పు కాదులే. నా దగ్గర ఇది ఒక్కనాడు ఇలా ఏడ్చి ఎరగదు. కొందరు బిడ్డలు అంతే, పెంచిన చేతిని వదలరు. ఎల్లుండి లారీ వస్తుంది. దీన్ని నాతో పంపెయ్," అంది.

నాకు ఎదురు చెప్పే ఓపిక లేదు. కడుపులో బాధ లేదని కాదు, దాన్ని లేపి నిలబెట్టే శక్తి లేదు. "సరే అత్తమ్మా," అన్నాను. ఆ రాత్రి ఎన్నో వారాల తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. పొద్దున లేచాక అలా నిద్రపోయినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

టాక్సీ వచ్చి గేటు బయట హారన్ కొట్టింది. బురుల్ అత్తమ్మ ఒళ్ళో కూర్చుని రొట్టె మీగడలో ముంచుకుని తింటోంది. "చెప్పకు. చెప్తే గొడవ. వెనక నుంచి పో," అని అత్తమ్మ కళ్ళతోనే సైగ చేసింది. చెప్పులేసుకున్నాను. దాని నడినెత్తి మీది సుడి ఒక్కసారి చూసుకున్నాను. పెరడు దాటి, గేటు తీసి, టాక్సీ తలుపు మీద చెయ్యి వేశాను.

"వదిన ఎక్కడికి?" అన్నది వెనక వినిపించింది.

"ఇక్కడికే, ఇప్పుడే వస్తుంది, నువ్వు తిను," అంటోంది అత్తమ్మ.

"వదినా!"

వెనక్కి తిరిగేలోపే అది గుమ్మం మెట్లు దూకింది. చెప్పుల్లేవు. మూతినిండా మీగడ. సగం పెరడు పరిగెత్తి, నేనింకా టాక్సీ తలుపు పట్టుకునే ఉన్నానని చూసి, ఉన్నచోటే బురదలో పడిపోయింది. మడమలు బాదింది. గుక్క పట్టింది. నీలంగా తిరిగింది. అప్పుడు లేచింది ఆ కేక, పక్కింటి కుక్కలన్నీ మొరిగాయి.

"నువ్వు పోవద్దు! అమ్మా ఉండాలి, నువ్వూ ఉండాలి! వదినా! పోవద్దు!"

అత్తమ్మ పరుగున వచ్చింది. ఎత్తుకోబోయింది. పిల్ల ఆవిడ చేతిని కరిచింది. మీగడ గిన్నె తెచ్చి చూపిస్తే తన్ని పారబోసింది. బుజ్జి మేకపిల్లని తెచ్చి ముందు నిలబెడితే, ఆ కేకలకి మేకపిల్లే పారిపోయింది. అత్తమ్మ, పిల్ల కరిచిన చెయ్యి పట్టుకుని నా వైపు చూసింది. ఆవిడ మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు, మామగారు పోయిన రోజు కూడా.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"రోజూనా?"

"రోజూ. రెండుసార్లు కూడా."

"అల్లా! ఎలా బతికావే? ఏం చెయ్యాలిప్పుడు?" అంది. నన్ను ఆవిడ ఏదైనా అడగడం అదే మొదలు.

"ఏం చెయ్యలేం అత్తమ్మా. కూర్చోవాలి. మాట్లాడకండి, ముట్టుకోకండి. చాలాసేపు పడుతుంది."

నేను పోయి దానికి చూపు ఆనేంత దూరంలో బురదలో కూర్చున్నాను. అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ అవతలి పక్క కూర్చుంది. టాక్సీవాడు తల బయట పెట్టి, "అక్కా, వస్తావా రావా? అవతల జనం ఎదురుచూస్తున్నారు," అని అరిచాడు.

"పోరా నాయనా, నీకు పుణ్యముంటుంది, పో!" అంది అత్తమ్మ.

బండి పోయింది. పిల్ల ఏడుస్తూనే ఉంది. ఇన్ని వారాలూ ఆ ఏడుపు ఎప్పుడు ఆగుతుందా అని కూర్చున్నదాన్ని, ఆ పొద్దున మాత్రం తనివితీరా విన్నాను. నా కోసం ఏడుస్తోంది నా బిడ్డ. నా కళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకునే ఓపిక కూడా లేదు.

ఎండ పెరటి గోడ దిగొచ్చాక దాని గొంతు బొంగురుపోయింది. వెక్కిళ్ళు మిగిలాయి. పాక్కుంటూ వచ్చి, బురద ఒంటితోనే నా ఒళ్ళోకి ఎక్కింది. అత్తమామల ముందు కన్నబిడ్డని ఒళ్ళో పెట్టుకోవడం మాలో తప్పు. నేనెప్పుడూ పెట్టుకోలేదు.

అత్తమ్మ మెల్లగా లేచి, బట్టలు దులుపుకుని, నా దగ్గరికి వచ్చి చేతులు చాచింది. "అలిసిపోయావు. ఇటివ్వు, నేను పడుకోబెడతా."

"ఉండనివ్వండి అత్తమ్మా," అన్నాను.

ఆవిడ చాచిన చేతులు అలాగే కాసేపు ఉన్నాయి. తర్వాత వాటితోనే నా భుజం మీది బురద తుడిచింది.